విబిఎస్‌కి ముందు పెద్దల్ని లెక్కపెట్టండి

ప్రశ్న: అమ్మగారికి వందనాలు. మాది నిజాంపట్నం దగ్గర ఒక ఊరు. ప్రైవేటు స్కూల్లో టీచర్‌గా చేస్తున్నాను, వయసు 27. మా సంఘంలో ప్రతి వేసవికీ పిల్లలకు విబిఎస్ (వెకేషన్ బైబిల్ స్కూల్, అంటే సెలవుల బైబిల్ బడి) పెడతారు. పోయినేడు బాధ్యత నాకిచ్చారు. మొదటి రోజు 60 మంది పిల్లలు వచ్చారు, మూడో రోజుకి 140 అయ్యారు. టీచర్లుగా పేర్లిచ్చిన 11 మందిలో ఆఖరి రోజుకి నలుగురమే మిగిలాం. జీతం లేని పని కదా, రానివాళ్లను ఏమీ అనలేకపోయాను. అరిచి అరిచి నా గొంతు వారం రోజులు పలకలేదు. ఈ ఏడు సంఘ పెద్దలు ‘మూడు రోజులు రాత్రి బసతో సమ్మర్ క్యాంపు పెడదాం’ అంటున్నారు. మా సంఘంలో ఒకరి బంధువు అమెరికా నుంచి 50 వేలు పంపుతానన్నారట. వచ్చే పిల్లల్లో సగం మందివి క్రైస్తవ కుటుంబాలు కావు. కాదంటే సేవ చేయడం ఇష్టం లేదనుకుంటారు. సరే అనాలంటే భయం. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు? (పేరు రాయవద్దు.)

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో పిల్లల లెక్క రోజువారీగా ఉంది. పెద్దల లెక్క మాత్రం ‘పేర్లిచ్చారు’ దగ్గరే ఆగిపోయింది. పేరివ్వడం ఒకటి, పొద్దున్నే ఏడున్నరకు వచ్చి చాపలు పరవడం ఇంకొకటి. ఇరవైకి పైగా వేసవులు ఈ పనిలో ఉన్నాను. ఎక్కడ తేడా వచ్చినా దాని మూలం ఈ రెండో లెక్క తప్పడమే.

ముందు మీ నిద్ర సంగతి తేలుద్దాం. ఈ ఏడు రాత్రి బస వద్దనండి. ‘నాకు భయంగా ఉంది’ అని మాత్రం చెప్పకండి, ‘విశ్వాసం ఉంచమ్మా’ అనే మాటతో ముగిసిపోతుంది. ఒక తెల్లకాగితం తీసుకెళ్లండి. మూడు రాత్రులకు మూడు గడులు గీయండి. ఆడపిల్లల గదిలో పడుకోకుండా కూర్చునే ఇద్దరు ఆడవాళ్లు ఎవరు, మగపిల్లల దగ్గర ఇద్దరు ఎవరు, అర్ధరాత్రి జ్వరం వస్తే బండి ఎవరిది, 140 మందికి బాత్రూములు ఎన్ని అని రాసుకుని, ‘అయ్యగారూ, మీరు ఏ రాత్రి ఉంటారో మీ పేరు మీరే రాయండి’ అని పెన్ను అందించండి. పెన్ను చేతులు మారుతూ తిరిగి మీ దగ్గరికే వస్తుంది. నేను రెండుసార్లు చూశాను. ఒకవేళ నిజంగానే మూడు రాత్రులకూ పేర్లు నిండితే అప్పుడు మీ సంఘం నేననుకున్న దానికంటే గట్టిది. అయినా మొదటి ఏడాదికి పదో తరగతి దాటిన పిల్లలతో ఒక్క రాత్రి పెట్టి చూడమనే అంటాను.

ఇంకో సంగతి. మీ వైపు వేసవిలో కాలవలు కట్టేస్తారు, కానీ మంచినీళ్ల చెరువు నిండుగా ఉంటుంది. కొత్త చోట, తెల్లారుజామున, పెద్దవాళ్లు ఇంకా లేవకముందే పిల్లలు ముందు వెతికేది నీళ్లనే. పగటి విబిఎస్‌లో ఈ ప్రమాదం లేదని కాదు, కళ్లు తెరిచి ఉండే పెద్దలు ఎక్కువ ఉంటారు, అంతే.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. మీ 11 మంది ఎందుకు నలుగురయ్యారు?

యూత్‌ని నమ్ముకుని ఉంటారు. తప్పేం లేదు, పాటలకూ ఆటలకూ వాళ్లే కావాలి. కానీ మే నెలలో ఆ వయసు వాళ్లకు ఉండే పనులు చూడండి. ఇంటర్ అయినవాళ్లకు ఈఏపీసెట్, డిగ్రీ వాళ్లకు సెమిస్టర్, ఇవి లేనివాళ్లకు పిన్ని కూతురి పెళ్లి. సెలవులని మన సంఘాల్లో పెళ్లిళ్లన్నీ ఆ నెలలోనే పెట్టుకుంటాం కదా. పేర్లు రాసుకునే రోజే ‘ఏయే తేదీల్లో ఊళ్లో ఉండవు?’ అని అడగాలి. మనం అడగం. ‘సేవకు వస్తావా?’ అంటాం. ఆ మాటకు ఎవరు రానంటారు?

రెండో కారణం నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. పని ఎక్కువై మానేసేవాళ్లు తక్కువ, పని లేక మానేసేవాళ్లే ఎక్కువ. పాట బాగా పాడే అమ్మాయి ముందు నిలబడుతుంది, మీరు మైకు పట్టుకుంటారు, మిగతా తొమ్మిది మంది వెనక గోడకు ఆనుకుని ఫోన్లు చూస్తుంటారు. ఏం చేయాలో వాళ్లకు ఎవరూ చెప్పరు. మొదటి రోజు సిగ్గుపడతారు, రెండో రోజు ఆలస్యంగా వస్తారు, మూడో రోజు రారు. ‘భారం లేని పిల్లలు’, అంటే సేవ మీద మనసు లేనివాళ్లు, అని మనం పేరు పెడతాం. అందుకే మనిషికి ఒక పని, దానికో టైము రాసివ్వండి. ‘సునీత: మంగళ, బుధ, ఎనిమిది నుంచి పదిన్నర, నీళ్ల డ్రమ్ము, గ్లాసులు’ అన్నంత చిన్నగా ఉండాలి. అయిదు రోజులూ రాలేనివాళ్లు రెండు రోజులకు వస్తారు. రెండు రోజులు వస్తానని వచ్చినవాళ్లు, అయిదు రోజులు వస్తానని ఎగ్గొట్టినవాళ్లకంటే నయం. ఒక్కరికి మాత్రం ఏ పనీ ఇవ్వకండి. ఎవరు రాకపోతే వాళ్ల చోటికి వెళ్లడమే ఆ మనిషి పని. పోయినేడు ఆ మనిషి మీరే అయ్యారు, అందుకే గొంతు పోయింది. మీ చేతికి మైకు కాకుండా గంట ఇవ్వమనండి. స్కూల్లో గంట ఎంత పని చేస్తుందో నేను మీకు చెప్పాలా!

(‘వాలంటీర్లు కావాలి’ అని బోర్డు పెట్టకండి. మా ఊళ్లో ఒకసారి అలా పెడితే ఇద్దరు ముసలమ్మలు పింఛను సంగతి అడగడానికి వచ్చారు.)

మీ ఊళ్లో మీరు లెక్కపెట్టని పెద్దవాళ్లు చాలామంది ఉన్నారు. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. మీ విబిఎస్ జరిగేది సరిగ్గా ఆ రోజుల్లోనే. తండ్రులు ఇళ్ల దగ్గర వలలు బాగుచేసుకుంటూ ఉంటారు. వాళ్లను అడిగారా? ‘మాకు బైబిల్ చెప్పడం రాదమ్మా’ అంటారు. వాళ్లను బైబిల్ చెప్పమని ఎవరన్నారు? గేటు దగ్గర ఇద్దరు, చెరువు వైపు దారిలో ఇద్దరు, పిల్లలు రోడ్డు దాటేటప్పుడు ఒకరు. ఈ పనులకు ఇరవై ఏళ్ల కుర్రాడికంటే నలభై ఏళ్ల తండ్రి మేలు. సంఘానికి రాని ఇళ్ల నుంచి కూడా ఒకరిద్దరిని పిలవండి. వాళ్ల మనిషే గేటు దగ్గర ఉంటే, లోపల ఏం జరుగుతోందోనని ఊళ్లో పుట్టే అనుమానం సగం అక్కడే తగ్గిపోతుంది. ఎవరిని పిలిచినా ఊరికి తెలిసిన మనిషై ఉండాలి, ఏ పిల్లతోనూ ఒంటరిగా ఉండే పని ఎవరికీ ఇవ్వకూడదు.

అన్నట్టు, ఈసారి పేతురు చేపలు పట్టిన కథ చెప్పుకుంటే వాళ్లలో ఒకరిని వలతో సహా లోపలికి పిలవండి. వల కన్ను ఎంతుంటే ఏ చేప పడుతుందో పది నిమిషాలు చెప్పమనండి. యోహాను సువార్త చివర్లో ఆ వలలో 153 చేపలు పడ్డాయని ఉంటుంది. మా దగ్గర ఒక పిల్లవాడు లేచి ‘పంచుకోవడానికి లెక్కపెట్టారా టీచర్, వేలం పాటకా?’ అని అడిగాడు. ముప్పై ఏళ్లుగా ఆ కథ చెబుతున్న పాస్టరు గారి దగ్గర కూడా జవాబు లేదు. హైదరాబాద్ నుంచి తెప్పించే రంగుల పుస్తకంలో మంచు, ఉడతలు, ఇగ్లూలు ఉంటాయి, మీ పిల్లలకు తెలిసింది సముద్రం.

నికరంగా వచ్చే పెద్దలు తేలాక పిల్లల సంఖ్య దానికదే తేలుతుంది. నా లెక్క ఇది. ఇరవై మంది పిల్లలున్న ఒక్కో క్లాసుకు ఇద్దరు పెద్దలు. మీ దగ్గర పన్నెండు మంది ఉంటే నాలుగు క్లాసులకు ఎనిమిది మంది పోతారు, మిగతావాళ్లు గేటుకు, నీళ్లకు, తినుబండారాలకు, ఆ ఖాళీ మనిషికి. అంటే 80 మంది పిల్లలు. పద్దెనిమిది నిండని టీచర్లు ఈ పన్నెండులోకి రారు. వాళ్లు సాయం చేయొచ్చు, కానీ వాళ్లు కూడా మీరు కాపాడాల్సిన పిల్లలే. మరి 140 మంది వస్తే? వచ్చిన పిల్లను గేటు దగ్గర తిప్పి పంపడం నా వల్ల కాదు, మీ వల్లా కాదు. కాబట్టి వారం ముందే ఇంటింటికీ చీటీ ఇచ్చి, సంతకంతో తిరిగి తెచ్చిన పిల్లల్నే రాసుకోండి. ఎక్కువైతే చిన్న తరగతులకు మూడు రోజులు, పెద్ద తరగతులకు మరో మూడు రోజులు పెట్టండి. 1898లో న్యూయార్క్ ఈస్ట్ సైడ్‌లో ఎలైజా హాస్ అనే ఆవిడ వీధుల్లో తిరిగే పిల్లల కోసం బీరు హాలు అద్దెకు తీసుకుని ఇలాంటి బడి నడిపింది. ఈ విబిఎస్‌లకు మొదలు అక్కడేనని చెబుతారు. మీ మందిరం చాలకపోతే బడి వరండా అడగడానికి మొహమాటపడకండి.

టైము ఎనిమిది నుంచి పదకొండు. ఆ తర్వాత ఒక్క నిమిషం వద్దు. బడులు ఏప్రిల్ చివర్లో మూసేస్తారు కాబట్టి మే మొదటి వారంలోనే కానిచ్చేయండి, రోహిణి కార్తె దాకా లాగకండి. తల్లులు తెల్లవారకముందే ఉపాధి పనికి వెళ్లిపోతే పిల్లలు ఏమీ తినకుండా వస్తారు. తొమ్మిదిన్నరకు కళ్లు తిరిగి పడిపోయే పిల్లకు ఎండదెబ్బ కంటే ముందు ఆకలి ఉంటుంది. రంగునీళ్లు, బిస్కెట్లు మానేసి రాగానే ఉప్మాయో పులిహోరో పెట్టండి, మధ్యలో మజ్జిగ ఇవ్వండి. ఓఆర్ఎస్ పొడి లీటరు ప్యాకెట్ అయితే లీటరు నీళ్లలోనే కలపాలి. ఒక గ్లాసులో ప్యాకెట్ అంతా కలిపి తాగించిన టీచరమ్మను నా కళ్లతో చూశాను. అట్టడబ్బాల్లో తియ్యటి డ్రింకు తెచ్చి ఓఆర్ఎస్ అనుకోకండి. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో అలాంటి డ్రింకుల మీద ఆ పేరు వాడకూడదని ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది. పాత సరుకు ఇంకా ఏ కొట్లోనైనా ఉండొచ్చు.

ఒక పిల్లవాడు మా దగ్గర నలభై నిమిషాలు కనిపించకుండా పోయాడు. వెనక తలుపులోంచి ఇంటికెళ్లి, మేకకు నీళ్లు పెట్టి, తీరిగ్గా తిరిగొచ్చాడు. ఆ నలభై నిమిషాల్లో నేను చేసిన ప్రార్థన మరే ఉపవాస కూడికలోనూ చేయలేదు. అప్పటి నుంచి హాజరు పొద్దున ఒక్కసారి కాదు, గంట కొట్టిన ప్రతిసారీ తలలు లెక్కపెట్టాలి అని నియమం పెట్టుకున్నాం. చీటీలో ఎవరి పేరుంటే వాళ్లే తీసుకెళ్లాలి. ‘మామయ్యనే’ అంటూ వచ్చిన మనిషి నిజంగా మామయ్యే కావచ్చు. అయినా సరే, తల్లికి ఫోన్ చేసి అడగండి.

ఇప్పుడు ఎవరూ మాట్లాడని సంగతి. క్లాసులో ఎప్పుడూ ఇద్దరు పెద్దలు ఉండాలి, తలుపు తెరిచి ఉండాలి, చిన్నపిల్లల్ని బాత్రూముకు ఇద్దరు తీసుకెళ్లాలి, బండి మీద ఒక్క పిల్లను ఎక్కించుకుని దింపడాలు వద్దు. పాస్టరు గారి కొడుక్కైనా, సంఘ పెద్దకైనా, నాకైనా ఇదే నియమం. పిల్లలెవరైనా ‘ఆ అన్న నన్ను ఇలా పట్టుకున్నాడు’ అని చెబితే, నమ్మండి. మీరు విచారణ చేయకండి, పిల్ల చేత పదిమంది ముందు మళ్లీ మళ్లీ చెప్పించకండి, ‘మన సంఘం పరువు’ అనే మాట దగ్గర ఆగకండి. పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోవడమే నేరం. తన కింద పనిచేసేవాళ్ల సంగతి తెలిసీ దాచిన బాధ్యుడికి ఏడాది వరకు జైలు పడొచ్చు. మీ సంగతిలో ఆ బాధ్యులు మీరే, పెద్దలే. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు గోడమీద పెద్ద అక్షరాలతో రాయించండి, పిల్లలకు కూడా కనిపించేలా.

‘జీతం లేనివాళ్లను ఏమంటాం’ అన్నారు. అనొచ్చమ్మా. గిటారు చక్కగా వాయించే కుర్రాడొకడు ఒక పిల్లను చెంపమీద కొట్టాడు. ఆ మధ్యాహ్నమే పక్కకు పిలిచి, ‘రేపటి నుంచి క్లాసు వద్దు, మైకులు, వైర్లు చూసుకో’ అన్నాను. రెండు నెలలు వాళ్లమ్మ నాతో మాట్లాడలేదు. ఈ రోజుకీ నేను తప్పు చేశానని అనుకోను. జీతం లేదు కాబట్టి నియమం లేదనుకుంటే, ఫీజు కట్టలేదు కాబట్టి పిల్లలకు భద్రత అక్కర్లేదన్నట్టే. ఆలస్యంగా వచ్చేవాళ్లను మాత్రం నలుగురిలో అనకండి. ఆ సాయంత్రం ఇంటికెళ్లి ‘ఏమైందమ్మా?’ అంటే చాలు, సగం మందికి నిజంగానే ఏదో అయ్యుంటుంది.

క్రైస్తవులు కాని ఇళ్ల పిల్లల గురించి కాస్త నిలిచి చెబుతాను, ఎందుకంటే ఇక్కడ మేమే తప్పు చేశాం. ఒక ఏడాది మా టీచరొకామె ఒక పిల్లను బొట్టు చెరిపేసుకుని రమ్మంది. మర్నాడు నాయనమ్మ వచ్చింది. గొడవేం చేయలేదు. ‘కథలు చెబుతారని పంపాను తల్లీ, నా మనవరాలి ముఖం మీద మీకేం పని?’ అని అడిగి, పిల్లను తీసుకుని వెళ్లిపోయింది. నాకు నోట మాట రాలేదు. ఆ పిల్ల మళ్లీ రాలేదు. అప్పటి నుంచి మా టీచర్లకు ముందే గట్టిగా చెబుతాను. బొట్టు జోలికి, చేతి తాడు జోలికి పోవద్దు. వాళ్లింటి దేవుడి గురించి ఒక్క మాట తూలవద్దు. ‘యేసును ఎవరు అంగీకరిస్తారో చేతులెత్తండి’ అని పిల్లల గుంపులో అడగవద్దు. ఎనిమిదేళ్ల పిల్ల పక్కపిల్ల ఎత్తిందని చెయ్యెత్తుతుంది. దాన్ని లెక్కగట్టి రిపోర్టు రాసుకోవడం ఆ తల్లిదండ్రుల్నే కాదు, మనల్ని మనమే మోసం చేసుకోవడం. చీటీలో ‘బైబిల్ కథలు, ప్రార్థన ఉంటాయి’ అని దాచకుండా రాయండి. ‘సమ్మర్ క్లాసులు, ఇంగ్లిష్, డ్రాయింగ్’ అని రాసి లోపల వేరేది చెప్పడం నాకు నచ్చదు. తెలిసి పంపితే ఆనందం, పంపకపోతే వాళ్లిష్టం. పిల్లల ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో, ఫేస్‌బుక్‌లో పెట్టడం కూడా అడిగాకే. అడగకుండా పెట్టే ఆ ఒక్క ఫొటో నుంచే ఊళ్లో చాలా గొడవలు మొదలవుతాయి.

అమెరికా డబ్బు గురించి క్లుప్తంగా. పంపే మనిషికి ఇంకా భారత పాస్‌పోర్టే ఉండి, సొంత సంపాదన నుంచి ఇస్తే అది చట్టం ప్రకారం విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చేది) ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ గానీ, ప్రభుత్వ ముందస్తు అనుమతి గానీ లేని సంఘం అలాంటి డబ్బు ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు. మీ సొంత ఖాతాలో వేయించుకుని క్యాంపుకి ఖర్చు పెట్టమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, ఇరుక్కునేది మీరే. నిజానికి రాత్రి బస లేకపోతే మీకు 50 వేలు అక్కర్లేదు. బియ్యం ఒక ఇల్లు, పెరుగు ఒక ఇల్లు, ఆటసామాను పోయినేటిది. ఖర్చు కాగితం ఆదివారం మందిరం తలుపుకి అంటించండి. ముగింపు రోజు ర్యాలీకి, మైకుకి పోలీసు పర్మిషన్ ముందే తీసుకోండి. ఆ రోజు వచ్చే అతిథికి పది నిమిషాలే ఇవ్వండి. గంట మీ చేతిలోనే ఉంటుంది కదా.

ఇంటింటికీ ఇచ్చే చీటీ నమూనా కింద రాస్తున్నాను. మేం వాడేది ఇదే, ఊరి పేరు మార్చుకుంటే చాలు.

‘మే నెల ... తేదీ నుంచి ... తేదీ వరకు, ఉదయం 8 నుంచి 11 వరకు మా మందిరంలో పిల్లలకు బైబిల్ కథలు, పాటలు, ఆటలు, బొమ్మలు వేయడం ఉంటాయి. ప్రార్థన కూడా చేస్తాం. డబ్బు కట్టక్కర్లేదు. పొద్దున టిఫిన్, మజ్జిగ ఇస్తాం. మీరు ఎప్పుడైనా వచ్చి కూర్చుని చూడొచ్చు.
పిల్ల/పిల్లవాడి పేరు, వయసు:
పడని తిండి, వాడే మందులు:
ఇంటికి తీసుకెళ్లేవారి పేరు, ఫోన్ నంబరు:
ఫొటో తీయవచ్చా: అవును / వద్దు
మా అబ్బాయిని/అమ్మాయిని పంపడం మాకిష్టమే. తల్లి లేదా తండ్రి సంతకం / వేలిముద్ర:’